గుండె రక్తనాళం చీలే చోట పూడిక: ఒక స్టెంటా, రెండా?

ఊరికి వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒకరు యాంజియో (గుండె రక్తనాళాలకి తీసే ఎక్స్‌రే వీడియో) సీడీ పట్టుకుని ఇంటికి వస్తారు. మాది శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస దగ్గర పల్లె. నేను విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి క్యాథ్ ల్యాబ్‌లో, అంటే యాంజియోలు తీసి స్టెంట్లు వేసే గదిలో, పదకొండేళ్ళుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మామూలు పూడిక అయితే స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే లోహపు గళ్ళ గొట్టం) వేయించుకోవాలా వద్దా అన్నదే ప్రశ్న. రిపోర్టులో ‘బైఫర్కేషన్’, అంటే నాళం రెండుగా చీలే చోటు, అన్న మాట కనబడిందంటే మాత్రం ఇంట్లో టెన్షన్ రెట్టింపవుతుంది. ఒక డాక్టరు ఒక స్టెంట్ చాలంటారు, ఇంకొకరు రెండు కావాలంటారు, మూడో చోట బైపాస్ మాట వస్తుంది. ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్ళే, ముగ్గురూ అదే సీడీ చూశారు. ఇంక ఇంట్లోవాళ్ళు ఎటూ తేల్చుకోలేరు.

పోయినేడాది మా పెద్ద మావయ్యకే ఈ పరిస్థితి వచ్చింది. "ఏటల్లుడా, ఆ రెండూ ఏసేస్తే పీడా పోద్ది కదా, మళ్ళీ మళ్ళీ ఎవుడెళ్తాడు?" అన్నాడు. చాలామంది అనుకునేదీ ఇదే: రెండు కొమ్మల్లో పూడిక ఉంది కాబట్టి రెండు స్టెంట్లు. ఈ లెక్క ఎక్కువ మందికి సరిపోదు. కొందరికి మాత్రం సరిగ్గా సరిపోతుంది. ఎవరికి ఏది అన్నది తెలుసుకోవడానికి ఏం అడగాలో, ఏం చూడాలో ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మీ గుండెను చూసిన కార్డియాలజిస్టుదే చివరి నిర్ణయం. ఆయన ముందు కూర్చున్నప్పుడు ఆయన చెప్పేది మీకు అర్థం కావాలి, మీరు అడగవలసింది అడగగలగాలి. నాకు కావలసింది అంతే.

చీలిక దగ్గరే పూడిక ఎందుకు

తోటపల్లి కాలువ కిందో, గొట్టా బ్యారేజీ కిందో వ్యవసాయం చేసేవాళ్ళకి ఇది చెప్పడం తేలిక. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువ చీలే చోట నిలబడి చూడండి. నీరు నేరుగా వచ్చి తాకే చీలిక కొన శుభ్రంగా ఉంటుంది. దానికి ఎదురుగా, నీరు నెమ్మదించి సుడి తిరిగే గట్టు వారగా ఒండ్రు పేరుకుంటుంది. గుండె రక్తనాళంలోనూ అంతే. చీలిక కొనను సాధారణంగా వదిలేసి, ఎదుటి గోడల వెంట కొవ్వు పేరుకుంటుంది. యాంజియోప్లాస్టీకి వచ్చే కేసుల్లో దాదాపు 15 నుంచి 20 శాతం ఇలాంటి చీలిక పూడికలే.

ఇక్కడ మూడు భాగాలు ఉంటాయి. చీలకముందు ఉన్నది తల్లి నాళం. చీలాక పెద్దది ప్రధాన కొమ్మ, చిన్నది పక్క కొమ్మ. రిపోర్టులో ‘మెడీనా 1,1,1’ అనో ‘1,1,0’ అనో రాస్తారు. 2006లో స్పెయిన్ డాక్టర్లు పెట్టిన పద్ధతి ఇది. మొదటి అంకె తల్లి నాళానిది, రెండోది ప్రధాన కొమ్మది, మూడోది పక్క కొమ్మది. 1 అంటే అక్కడ సగానికి పైగా పూడింది, 0 అంటే లేదు. మావయ్య కొడుకు ఆ మూడు ఒకట్లు చూసి హడలిపోయాడు. నిజానికి ఆ అంకెలు పూడిక ఎక్కడుందో చెబుతాయి గానీ, ఎంత పొడవుందో, ఎంత గట్టిపడిందో చెప్పవు. నిర్ణయానికి కావలసింది ఆ చెప్పనిదే.

కాబట్టి డాక్టరు గారిని మొట్టమొదట అడగవలసింది ‘ఒకటా రెండా’ అని కాదు. ‘ఆ పక్క కొమ్మ ఎంత లావుంది? అది గుండెలో ఎంత కండకి రక్తం ఇస్తోంది? దాని లోపల పూడిక ఎంత పొడవుంది?’ అని అడగండి. రెండు మిల్లీమీటర్ల సన్నని కొమ్మ కొద్దిపాటి కండకే రక్తం ఇస్తుంటే దాని కోసం అదనంగా లోహం దించడం అనవసరం. మూడు మిల్లీమీటర్ల కొమ్మ, మూతి నుంచి లోపలికి బాగా పొడవుగా పూడిపోయి ఉంటే అది వేరే సంగతి.

ఒక స్టెంట్ పద్ధతి: ముందు ఒకటి, అవసరమైతేనే రెండోది

దీన్ని ప్రొవిజనల్ అంటారు. ‘ఒక స్టెంట్ పద్ధతి’ అని తేలిగ్గా అంటాం గానీ, ఇందులో చేతి పని చాలానే ఉంది. సగం చేసి వదిలేసినట్టు అని కొందరు అనుకుంటారు. అందుకే వివరంగా చెబుతాను.

ముందు రెండు కొమ్మల్లోకీ రెండు సన్నని వైర్లు పంపుతారు. పక్క కొమ్మ మూసుకుపోతే దారి తెలియాలి కాబట్టి ఆ వైరు కాపలా. తర్వాత తల్లి నాళం నుంచి ప్రధాన కొమ్మలోకి, పక్క కొమ్మ మూతి మీదుగా, స్టెంట్ వేస్తారు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ప్రకృతిలో తల్లి నాళం ఎప్పుడూ పిల్ల కొమ్మల కంటే లావు. దానికి ఒక లెక్క కూడా ఉంది: రెండు కొమ్మల వెడల్పులు కూడి, 0.678తో హెచ్చవేస్తే తల్లి నాళం వెడల్పు వస్తుంది. ప్రధాన కొమ్మ 3 మిల్లీమీటర్లు, పక్క కొమ్మ 2.5 అనుకుంటే తల్లి నాళం సుమారు 3.7. స్టెంట్‌ని మాత్రం ప్రధాన కొమ్మకు సరిపడా 3 మిల్లీమీటర్లదే తీసుకోవాలి, లేకపోతే కింద కొమ్మ చిట్లుతుంది, చీలిక కొన పక్క కొమ్మ మూతి మీదికి జరుగుతుంది. అంటే పైభాగంలో 3.7 గొట్టంలో 3 స్టెంట్ వదులుగా వేలాడుతూ ఉంటుంది. గోడకి అంటని లోహం చుట్టూ రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

అందుకని పొట్టి బెలూన్ ఒకటి, తల్లి నాళం సైజుది, సరిగ్గా చీలిక కొన దాకా తెచ్చి ఊదుతారు. దీన్నే క్యాథ్ ల్యాబ్‌లో ‘పాట్’ అంటాం. అటు ఒక మిల్లీమీటరు ఎక్కువైనా ఇటు తక్కువైనా ఫలితం మారుతుంది. స్టెంట్ గోడకి అతుక్కుంటుంది, పక్క కొమ్మ మూతి దగ్గర స్టెంట్ గళ్ళు విచ్చుకుంటాయి. ఈ ఒక్క బెలూన్ వేశారా లేదా అన్నది మీరు అడగదగ్గ ప్రశ్న. నా అభిప్రాయంలో స్టెంట్ ఏ కంపెనీది అన్నదానికంటే ఇదే ముఖ్యం.

ఆ తర్వాత పక్క కొమ్మ చూస్తారు. రక్తం చక్కగా పారుతుంటే అక్కడితో ఆపేస్తారు. మూతి కాస్త ఇరుకుగా కనబడినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. 2005లో కొరియా డాక్టర్లు ఇలా స్టెంట్ గళ్ళ వెనక చిక్కిన పక్క కొమ్మల్లో ఒత్తిడి వైరు పెట్టి కొలిచారు. కంటికి 75 శాతం, ఆపైన ఇరుకుగా కనిపించిన 73 కొమ్మల్లో, నిజంగా రక్తం తగ్గింది 20 కొమ్మల్లోనే. తెర మీద కనిపించే ఇరుకు వేరు, కండకి అందే రక్తం వేరు.

రక్తం సరిగ్గా పారకపోతే, లేదా కొమ్మ గోడ చీరుకుపోతే, గళ్ళలోంచి మళ్ళీ వైరు పంపి రెండు బెలూన్లు పక్కపక్కనే ఒకేసారి ఊదుతారు. దాన్ని కిస్సింగ్ బెలూన్ అంటారు. నా పని ఎక్కువగా ఈ క్షణాల్లోనే ఉంటుంది. బెలూన్‌లో ఒత్తిడి చూపే మీటరు చూస్తూ "ఎనిమిది, పది, పన్నెండు" అని పైకి చదువుతాను. రెండు కొమ్మలూ ఆ కాసేపు మూసుకుపోతాయి కాబట్టి మానిటర్ మీద ఈసీజీ గీత పైకి లేస్తుంది. మణికట్టు దగ్గర మాత్రమే మత్తు ఇస్తాం, మనిషి మెలకువగానే ఉంటాడు. "ఛాతీ పట్టేస్తోంది బాబూ" అంటాడు. పది పదిహేను సెకన్లు. బెలూన్ కుదించగానే గీత దిగుతుంది, ముఖం తేటపడుతుంది. ఆ నొప్పి ముందే చెప్పి ఉంచితే పేషెంటు భయపడడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికీ కుదరకపోతేనే రెండో స్టెంట్. అంటే ఈ పద్ధతితో మొదలుపెడితే రెండోదానికి దారి మూసుకుపోదు. రెండు స్టెంట్లతో మొదలుపెడితే వెనక్కి తీసుకోవడం ఉండదు.

సాక్ష్యం సంగతి చూస్తే, 2006లో ఉత్తర ఐరోపా దేశాల నార్డిక్ ట్రయల్‌లో 413 మందిని రెండు పద్ధతులకూ పంచి చూశారు. ఫలితాల్లో తేడా రాలేదు, రెండు స్టెంట్ల పద్ధతికి సమయం, రేడియేషన్, డై (నాళాలు తెర మీద కనబడటానికి ఎక్కించే ద్రవం) ఎక్కువ ఖర్చయ్యాయి. 2010లో వచ్చిన బ్రిటన్ ట్రయల్‌లో 500 మందిలో తొమ్మిది నెలలకి గుండెపోటు, మరణం, మళ్ళీ ప్రొసీజర్ లాంటివి కలిపి ఒక స్టెంట్ వైపు 8 శాతం, రెండు వైపు 15.2 శాతం. మామూలు చీలిక పూడికల్లో చాలావాటికి ఒక స్టెంట్‌తోనే మొదలుపెట్టాలన్న మాట అలా గట్టిపడింది.

మావయ్యకీ చివరికి అదే చేశారు. ముందరి పెద్ద నాళం ఎల్‌ఏడీ, పక్క కొమ్మ డయాగనల్. మూడు అంకెలూ ఒకట్లే, కానీ డయాగనల్‌లో పూడిక మూతి దగ్గర నాలుగైదు మిల్లీమీటర్లు మాత్రమే. ఒక స్టెంట్, పాట్ బెలూన్, ఒక కిస్సింగ్, మళ్ళీ పాట్. నలభై నిమిషాల్లో బయటికి వచ్చాడు.

రెండు స్టెంట్లు ఎప్పుడు, ఏ పద్ధతిలో

పక్క కొమ్మ పెద్దది, లోపల పొడవునా పూడింది, ఒకసారి మూసుకుపోతే మళ్ళీ వైరు పంపడం కష్టం అనిపించే మలుపులో ఉంది. ఇలాంటప్పుడు మొదటి నుంచీ రెండు స్టెంట్లు అనుకోవడమే మంచిది. ‘క్లిష్టమైన చీలిక’ అంటే ఏమిటో తేల్చడానికి చైనా డాక్టర్లు ఒక కొలత పెట్టారు. పక్క కొమ్మలో పూడిక పొడవు కనీసం 10 మిల్లీమీటర్లు ఉండాలి. దాంతో పాటు ఆ పూడిక ఎడమ ప్రధాన ధమని చీలికలో అయితే 70 శాతం, మిగతా చోట్ల 90 శాతం దాటి ఉండాలి. వీటికి తోడు గట్టిపడిన సున్నం, రక్తపు గడ్డ, సన్నని ప్రధాన కొమ్మ లాంటి చిన్న లక్షణాల్లో ఏవైనా రెండు ఉండాలి. అలాంటి 653 మంది మీద చేసిన ‘డెఫినిషన్ 2’ ట్రయల్ 2020లో వచ్చింది. ఏడాదికి స్టెంట్ వేసిన చోట సమస్య వచ్చింది రెండు స్టెంట్ల వైపు 6.1 శాతం, ప్రొవిజనల్ వైపు 11.4 శాతం. అంటే సులువైన పూడికల్లో గెలిచిన పద్ధతి, నిజంగా కష్టమైన వాటిలో ఓడింది. డాక్టర్లు వేర్వేరు మాటలు చెప్పడానికి అసలు కారణం ఎక్కువగా ఇదే. మీ కేసు ఏ గాటన పడుతుందన్న దగ్గరే వాళ్ళకి తేడా వస్తోంది.

రెండు స్టెంట్లు అన్నాక పేర్లు చాలా వస్తాయి. వాటిలో మూడు తెలిస్తే చాలు.

మొదటిది టీ పద్ధతి, దాని తమ్ముడు ట్యాప్. ప్రధాన స్టెంట్ గళ్ళలోంచి పక్క కొమ్మలోకి రెండో స్టెంట్ దించి, మూతి దగ్గర కొంచెం మాత్రం బయటికి వదులుతారు. ప్రొవిజనల్ చేస్తూ చేస్తూ రెండోది వేయాల్సి వస్తే ఎక్కువగా ఇదే చేస్తారు. పక్క కొమ్మ దాదాపు లంబంగా చీలితే బాగా కుదురుతుంది. ఏటవాలుగా చీలితే మూతి దగ్గర కొంత గోడ స్టెంట్ లేకుండా మిగిలిపోవచ్చు, సరిగ్గా అక్కడే మళ్ళీ పూడుతుంది. బయటికి వదిలిన ముక్క ఎక్కువైతే తల్లి నాళం మధ్యలో లోహపు గోడలా నిలబడుతుంది.

రెండోది క్యులాట్. ఒక స్టెంట్ తల్లి నాళం నుంచి ఒక కొమ్మలోకి, రెండోది అదే తల్లి నాళం నుంచి మొదటిదాని గళ్ళలోంచి రెండో కొమ్మలోకి. ప్యాంటు కాళ్ళు రెండూ నడుము దగ్గర కలిసినట్టు ఉంటుంది. ఏ కోణానికైనా మూతి పూర్తిగా కప్పుతుంది. కానీ తల్లి నాళంలో రెండు పొరల లోహం ఉంటుంది, రెండు కొమ్మలూ ఇంచుమించు ఒకే లావు ఉంటేనే అందంగా కుదురుతుంది. ఒకటి 4, ఇంకొకటి 2.5 అయితే చిన్న స్టెంట్ పెద్ద నాళంలో విచ్చుకోలేక నలుగుతుంది.

మూడోది డీకే క్రష్. అంటే రెండు కిస్సులున్న క్రష్. పక్క కొమ్మలో ముందు స్టెంట్ వేసి, దాని కొస రెండు మూడు మిల్లీమీటర్లు తల్లి నాళంలోకి వదులుతారు. ఆ కొసను ప్రధాన నాళంలోని బెలూన్‌తో గోడకి నొక్కేస్తారు. ఆ నొక్కిన లోహంలోంచి మళ్ళీ వైరు దూర్చి మొదటి కిస్. తర్వాత ప్రధాన స్టెంట్, పాట్, మళ్ళీ వైరు, రెండో కిస్, చివర మళ్ళీ పాట్. పాత క్రష్‌లో మధ్య కిస్ లేదు. అందువల్ల చివర మూడు పొరల లోహంలోంచి వైరు దూరక దాదాపు నాలుగో వంతు కేసుల్లో చివరి కిస్ కుదిరేది కాదు. ఆ ఒక్క మధ్య అడుగు కలపడంతో పద్ధతి నిలబడింది. దీన్ని చైనాలోని నాన్‌జింగ్‌లో షావో-లియాంగ్ చెన్ బృందం అభివృద్ధి చేసింది.

ఇది చూడడానికి బాగుంటుంది గానీ, చేసేవాళ్ళకి ఓపిక కావాలి. రెండుసార్లు వైరు నొక్కిన లోహంలోంచి సరైన గడిలోకే వెళ్ళాలి. పొరపాటున స్టెంట్ వెనక్కి, గోడకీ లోహానికీ మధ్యకి పోతే మొత్తం చెడుతుంది. నేను చూసిన వాటిలో ఒక్క వైరు కోసమే ఇరవై నిమిషాలు పట్టిన కేసులున్నాయి. అంత సేపూ గదిలో ఎవరూ మాట్లాడరు. అందుకే నా సలహా ఖచ్చితంగా చెబుతున్నాను. మీకు నిజంగా రెండు స్టెంట్లు అవసరమని తేలితే, ఆ పద్ధతి తరచుగా చేసే చేతికి అప్పగించండి. "సార్, ఇలాంటివి మీరు నెలకి ఎన్ని చేస్తారు?" అని మర్యాదగా అడిగితే ఏ మంచి డాక్టరూ తప్పు పట్టరు. అప్పుడప్పుడూ చేసే డీకే క్రష్ కంటే రోజూ చేసే చెయ్యి వేసిన ప్రొవిజనల్ నయం.

ఎడమ ప్రధాన ధమని చీలిక వేరే మాట

రిపోర్టులో ‘లెఫ్ట్ మెయిన్’ అని ఉంటే ఇప్పటిదాకా చెప్పిన లెక్కలన్నీ పక్కన పెట్టండి. గుండె ఎడమ భాగానికి వెళ్ళే రక్తంలో చాలావరకు ఆ ఒక్క ద్వారం గుండానే పోతుంది. ఇక్కడ ‘పక్క కొమ్మ’ కూడా చిన్నది కాదు, సర్కమ్‌ఫ్లెక్స్ అనే పెద్ద నాళం.

ఇక్కడ రెండు పెద్ద ట్రయల్స్ పైకి ఒకదానికొకటి ఎదురు చెబుతాయి. 2017లో వచ్చిన డీకే క్రష్ 5లో 482 మంది. ఏడాదికి సమస్యలు డీకే క్రష్ వైపు 5 శాతం, ప్రొవిజనల్ వైపు 10.7. 2021లో ఐరోపాలో 467 మందితో ఈబీసీ మెయిన్ అనే ట్రయల్ వచ్చింది. అందులో ప్రొవిజనల్‌తో మొదలుపెట్టినవాళ్ళలో 14.7 శాతం, రెండు స్టెంట్లు ముందే అనుకున్నవాళ్ళలో 17.7 శాతం. ఆ తేడా గణాంకంగా నిలిచేది కాదు, అంటే ఏది మేలో ఆ ట్రయల్ తేల్చలేదు. ఐరోపా ట్రయల్‌లో రెండు స్టెంట్ల వైపు ఎక్కువగా క్యులాట్ చేశారు, డీకే క్రష్ చాలా తక్కువ. పక్క కొమ్మ పూడికలు కూడా డీకే క్రష్ 5లోవాటి కంటే తేలికైనవి. ప్రొవిజనల్ వైపు రెండో స్టెంట్ అవసరమైంది 22 శాతం మందికే. రెండూ కలిపి చదివితే నాకు అర్థమైంది ఇది: సర్కమ్‌ఫ్లెక్స్ మూతి శుభ్రంగా ఉంటే లేదా కొద్దిగా మాత్రమే పూడి ఉంటే ఒక స్టెంట్‌తో మొదలుపెట్టడం సబబు, లోపలిదాకా పూడి ఉంటే డీకే క్రష్.

లెఫ్ట్ మెయిన్‌తో పాటు మిగతా నాళాలూ పూడి ఉండి, పైగా షుగర్ ఉంటే, స్టెంట్ల పద్ధతులు పోల్చడం ఆపి సర్జన్‌ని కలవండి. 2012లో వచ్చిన ఫ్రీడమ్ ట్రయల్‌లో షుగర్ ఉండి, ఒకటి కంటే ఎక్కువ నాళాలు పూడిన 1,900 మందిని చూశారు. ఐదేళ్ళకి మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి స్టెంట్ల వైపు 26.6 శాతం, బైపాస్ వైపు 18.7. ‘ఛాతీ కోస్తారు’ అన్న భయంతో మన వైపు చాలామంది ఈ మాటే వినరు. నాకు బాధగా ఉంటుంది. ఆ భయం వల్ల నాలుగు స్టెంట్లు వేయించుకుని, మూడేళ్ళకి మళ్ళీ వచ్చి చివరికి బైపాసే చేయించుకున్నవాళ్ళని చూశాను.

ఇంకో వైపు కూడా ఉంది. పూడిక పక్క కొమ్మలో మాత్రమే ఉండి, అంటే 0,0,1 అయి, మెట్లెక్కితే వచ్చే ఆయాసం మందులతో అదుపులో ఉంటే, స్టెంట్ అసలు అవసరం లేకపోవచ్చు. 5,179 మందితో చేసిన ఇస్కీమియా ట్రయల్‌లో, స్థిరంగా ఉన్న పేషెంట్లలో ముందే స్టెంట్ లేదా బైపాస్ చేయడం వల్ల మరణాలు తగ్గలేదు. లెఫ్ట్ మెయిన్ ఉన్నవాళ్ళని మాత్రం ఆ ట్రయల్‌లో చేర్చుకోలేదు, అది మరచిపోకూడదు. ఈ మధ్య మందు పూసిన బెలూన్ కూడా పక్క కొమ్మకు బాగా పనికొస్తోంది. 784 మంది మీద చేసి 2024లో వెలువరించిన డీసీబీ-బిఫ్ ట్రయల్‌లో, ప్రొవిజనల్ తర్వాత పక్క కొమ్మ మూతికి మందు బెలూన్ వాడిన వైపు ఏడాదికి 7.2 శాతం, మామూలు బెలూన్ వైపు 12.5 శాతం సమస్యలు. లోహం వదలకుండా కొమ్మను కాపాడుకునే దారి ఇది. మీ ఆసుపత్రిలో ఉందేమో అడగండి.

గుండెపోటుతో అర్ధరాత్రి ఇచ్ఛాపురం నుంచి అంబులెన్సులో వచ్చిన మనిషికి మాత్రం ఈ పోలికలేవీ పనికిరావు. మూసుకున్న నాళం తెరవాలి, వీలైనంత సులువుగా, బేగి. మిగతాది తర్వాత.

ఉద్దానం వాళ్ళు ముందు క్రియాటినిన్ చూడాలి

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు నుంచి వచ్చేవాళ్ళతో నేను మొదట అడిగేది గుండె గురించి కాదు, కిడ్నీ గురించి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమంది ఇళ్ళలో ఉందో మనకి తెలుసు. చాలామందికి అది బయటపడేదే యాంజియో ముందు చేసే క్రియాటినిన్ రక్తపరీక్షలో. యాంజియోలో వాడే డై కిడ్నీల మీద భారం. క్యాథ్ ల్యాబ్‌లో మేం పాటించే లెక్క ఒకటుంది: డై మిల్లీలీటర్లు, పేషెంటు ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే) అంకెకు మూడు రెట్లు దాటకూడదు. ఈజీఎఫ్‌ఆర్ 40 అయితే 120 మిల్లీలీటర్లే. తేలిగ్గా సాగే ఒక స్టెంట్ కేసు వంద లోపే ముగుస్తుంది. రెండు స్టెంట్ల కేసు చాలాసార్లు రెండు వందలు దాటుతుంది. గుండె కోణంలో రెండు పద్ధతులూ సమానమనిపించినప్పుడు, కిడ్నీ బలహీనంగా ఉన్న మనిషికి తక్కువ డై పట్టే పద్ధతి వైపే తూగాలి. ముందు రోజు నుంచి సెలైన్ ఎక్కించడం, నొప్పి మాత్రలు ఆపడం, పని రెండు విడతలుగా చేయడం లాంటివి కూడా అడగండి.

నాళం లోపలి నుంచి చూసే కెమెరా లాంటివి రెండున్నాయి, ఐవస్, ఓసీటీ. ఐవస్ శబ్ద తరంగాలతో చూస్తుంది, డై అక్కర్లేదు. ఓసీటీ కాంతితో చూస్తుంది, బొమ్మ చాలా స్పష్టం, కానీ రక్తాన్ని పక్కకి నెట్టడానికి మామూలుగా డై ఎక్కించాలి. 1,201 మంది చీలిక పూడిక పేషెంట్ల మీద చేసిన అక్టోబర్ అనే ట్రయల్ 2023లో వచ్చింది. ఓసీటీ వాడితే రెండేళ్ళకి సమస్యలు 10.1 శాతం, యాంజియో బొమ్మ మీదే ఆధారపడితే 14.1. కాబట్టి రెండు స్టెంట్లకైనా, లెఫ్ట్ మెయిన్‌కైనా లోపలి బొమ్మ లేకుండా ఒప్పుకోవద్దని నా మాట. కిడ్నీ బాగుంటే ఏదైనా సరే, కిడ్నీ బాగోకపోతే ఐవస్.

డబ్బు, మందులు

2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మందు పూసిన స్టెంట్ గరిష్ఠ ధర 29,600 రూపాయలుగా కట్టేసింది. అంతకుముందు లక్ష దాటి అమ్మేవారు. తర్వాత ఆ ధర సవరణలు జరిగాయి. ఆ పరిమితి ఒక్కో స్టెంట్‌కి. రెండు వేస్తే రెండింటికీ, పైన బెలూన్లు, వైర్ల బిల్లు వేరు. డీకే క్రష్‌కి బెలూన్లు ఎక్కువ పడతాయి. బిల్లులో స్టెంట్ పేరు, కంపెనీ, బ్యాచ్ నంబరు, ధర విడిగా చూపించాలి, అడిగి తీసుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వెళ్ళేవాళ్ళు అడ్మిట్ కాకముందే ఆసుపత్రిలోని ఆరోగ్య మిత్ర దగ్గర రెండో స్టెంట్, ఐవస్ ఏవి వర్తిస్తాయో, ఏవి వర్తించవో స్పష్టంగా తెలుసుకోండి. ప్రొసీజర్ మధ్యలో బయటికి వచ్చి "ఇంకో స్టెంట్ కావాలి, సంతకం పెట్టండి" అంటే ఆలోచించే తీరిక ఉండదు.

డబ్బు కంటే నాకు భయం మందుల దగ్గర. స్టెంట్ తర్వాత రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ వాడాలి. స్థిరంగా ఉన్నవాళ్ళకి సాధారణంగా ఆరు నెలలు, గుండెపోటు వచ్చినవాళ్ళకి ఏడాది. చీలిక దగ్గర రెండు స్టెంట్లుంటే డాక్టర్లు చాలాసార్లు ఇంకా పొడిగిస్తారు. టికాగ్రెలార్ రోజుకి రెండుసార్లు, కొందరికి ఆయాసం వచ్చినట్టు ఉంటుంది. అది గుండె ఆయాసం అనుకుని భయపడి మందు మానేస్తారు. మానకండి, డాక్టరుకి చెబితే మార్చుతారు.

మా పక్క వీధి మాస్టారికి రెండు స్టెంట్లు పడ్డాయి. నాలుగో నెలలో పన్ను నొప్పికి ఒక క్లినిక్‌కి వెళ్తే, రక్తం ఆగదని రెండు మాత్రలూ ఆపేయమన్నారు. గుండె డాక్టరుకి ఒక్క ఫోను చేసినవాళ్ళు లేరు. తొమ్మిదో రోజు తెల్లవారుజామున ఛాతీ నొప్పి. స్టెంట్ల లోపల రక్తం గడ్డకట్టింది. ఆయన బతికారు గానీ, గుండె పంపింగ్ 60 శాతం నుంచి 35కి పడిపోయింది. ఇప్పుడు బడి దాకా నడవలేక వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్నారు. ఆ మాత్రలు ఆపకుండానే పన్ను తీయొచ్చు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

అందుకే పద్ధతి ఎంచుకునేటప్పుడు మనిషి బతుకు తీరు కూడా లెక్కలోకి రావాలి. చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి నెలల తరబడి సముద్రం మీద ఉండే మత్స్యకారుడు, సీతంపేట కొండల్లో మందుల షాపుకి గంటల కొద్దీ నడవాల్సిన మనిషి, చెన్నైలో కట్టడం పనికి పోయే కూలీ. వీళ్ళు రోజూ మాత్ర తప్పకుండా వేసుకోవడం ఎంత కష్టమో డాక్టరుకి మీరే చెప్పాలి, ఆయనకి తెలియదు. లోహం ఎంత ఎక్కువ వేస్తే మాత్ర తప్పినప్పుడు ప్రమాదం అంత ఎక్కువ. రెండు స్టెంట్లు తప్పనిసరైతే, బయలుదేరే ముందే పూర్తి సీజనుకి మందులు కొని సంచిలో పెట్టుకోవాలి.

డిశ్చార్జి రోజు ఇంకొక్క పని. సమ్మరీలో ‘ఎల్‌ఏడీకి స్టెంట్ వేశాం’ అని మాత్రమే రాసి ఉంటే వెనక్కి ఇచ్చి, ఏ పద్ధతి, ఎన్ని స్టెంట్లు, ఏ సైజు, చివరి కిస్ అయిందా, పాట్ చేశారా అని రాయించండి. నాలుగేళ్ళ తర్వాత అదే చోట మళ్ళీ పూడితే, అప్పుడు లోపలికి వైరు పంపే డాక్టరుకి ఏ గోడ మీద ఎన్ని పొరల లోహం ఉందో ఆ కాగితమే చెబుతుంది. మావయ్య కాగితాన్ని నేను ఫొటో తీసి ఆయన ఫోనులో, అత్తయ్య ఫోనులో, నా ఫోనులో పెట్టాను. సీడీలు మన ఇళ్ళలో ఏడాది తిరగకుండా గీతలు పడి చదవకుండా పోతాయి.